ప్రభుత్వ సాయంతో అద్దె కట్టే కుటుంబానికి మా ఇల్లు

2019 నవంబరులో మా ఇల్లు ఖాళీ అయింది. ఇంగ్లండుకు ఉత్తరాన యార్క్‌షైర్‌లోని ఒక చిన్న పట్టణంలో, గోడకు గోడ ఆనుకుని బారుగా కట్టిన పాతకాలపు రాతి ఇళ్ళలో అదొకటి. కింద ముందు గది, వంటిల్లు. పైన రెండు పడక గదులు, స్నానాల గది. 2007లో నేను ఆ ఊళ్ళో మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేసేటప్పుడు కొనుక్కున్నాం. మా పెద్దమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టి పెరిగింది. 2013లో మా వారి ఉద్యోగం రీడింగ్ పట్టణానికి మారినప్పుడు అమ్మడానికి మనసొప్పక, అద్దెకిచ్చి దక్షిణానికి వచ్చేశాం. ఆరేళ్ళపాటు ఒక ఇంజినీరు ఉన్నాడు. నెల మొదటి తారీఖున అద్దె బ్యాంకులో పడేది. ఇల్లు అద్దెకివ్వడమంటే ఇంతే కాబోలు అనుకున్నాం.

అతను వెళ్ళాక ఏజెంటు కొత్త ప్రకటన తయారుచేసి పంపాడు. అడుగున ‘నో డీఎస్ఎస్’ అని ఉంది. డీఎస్ఎస్ అంటే ఇక్కడి ఒకప్పటి సాంఘిక భద్రతా శాఖ. ఆ శాఖ 2001లోనే రద్దయింది, దాని స్థానంలో పని, పింఛన్ల శాఖ వచ్చింది. శాఖ పోయినా ఆ మాట మాత్రం ప్రకటనల్లో మిగిలిపోయింది. ప్రభుత్వం నుంచి అద్దె సాయం తీసుకునేవాళ్ళు ఈ ఇంటి కోసం అడగనక్కర్లేదని దానికి అర్థం.

ఆ వరుస చదవగానే నాకు గుంటూరు గుర్తొచ్చింది. నాన్నకు బదిలీ అయి అక్కడికి వెళ్ళినప్పుడు ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు కనబడిన ప్రతి గుమ్మం ఎక్కాం. ‘మీరు ఎవరు?’ అని ఇంటాయన అడిగితే పేరు చెప్పడం చాలదని నాకు పదేళ్ళ వయసులోనే తెలుసు. నాన్న జీతం ఎంత, అద్దె ఎలా కడతాడు అని అడగకముందే చాలా ఇళ్ళ తలుపులు మూసుకున్నాయి. అందుకని ఏజెంటుకు ఫోను చేసి ఆ వరుస తీసేయమన్నాను. ‘మీ అప్పు పత్రాలు ఒకసారి చదువుకోండి’ అన్నాడతను.

చదివాను. అతను చెప్పింది నిజమే. అద్దె ఇళ్ళ మీద ఇచ్చే ఆ అప్పు షరతుల్లో, సాయం పొందేవారికి ఇల్లివ్వరాదని ఒక చిన్న వాక్యం ఉంది. ఇంటి బీమా పత్రంలోనూ దాదాపు అలాంటిదే. అంటే అప్పట్లో ఈ దేశంలో ఒక తల్లికి ఇల్లు దొరకకపోవడానికి ఇంటి యజమాని మనసొక్కటే కారణం కాదు, యజమాని ఎప్పుడూ చదవని కాగితాలు కూడా కారణమే. అప్పటికే కొన్ని రుణ సంస్థలు ఆ షరతు తీసేస్తున్నాయి. మేము అప్పు తీసుకున్న సంస్థకు ఉత్తరం రాశాం. జవాబు రావడానికి నెల దాటింది. అనుమతి ఇచ్చారు. బీమా సంస్థ మాత్రం ఏడాది రుసుము కొంత పెంచింది. ఈ రెండు కాగితాలు చేతికొచ్చేసరికి ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంది. అప్పట్లో ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే మొదట అప్పు పత్రం, బీమా పత్రం చూసుకోవలసి వచ్చేది. అనుమతి లేకుండా ఇస్తే తరువాత ఏ ప్రమాదం జరిగినా బీమా డబ్బు దగ్గర చిక్కొచ్చేది.

2020 జనవరిలో ఒకావిడ ఇల్లు చూడటానికి వచ్చింది. నేను కూడా రైలెక్కి వెళ్ళాను. ముప్పై దాటిన మనిషి. ఆరేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ కూతురు. వృద్ధాశ్రమంలో సంరక్షకురాలిగా వారానికి పాతిక గంటల పని. పక్క జిల్లాలో ఉంటోంది, తన పని ఈ ఊళ్ళోనే. గదులు చూడకముందే, ‘ముందే చెబుతున్నాను, నాకు హౌసింగ్ బెనిఫిట్ వస్తుంది. మీకు అభ్యంతరమైతే ఇప్పుడే వెళ్ళిపోతాను’ అంది. హౌసింగ్ బెనిఫిట్ అంటే ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం. అప్పటికి పదకొండు ఇళ్ళకు ఫోను చేసిందట. ఉద్యోగం చేస్తున్న మనిషి, పిల్లల తల్లి, ఆ మాటను తప్పు ఒప్పుకుంటున్నట్టు తల వంచుకుని చెప్పడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది.

ఆ రోజు వంటింటి గట్టు దగ్గర నిలబడి ఇద్దరం లెక్క వేశాం. ఈ లెక్కే అసలు విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్రైవేటు ఇంట్లో అద్దెకున్నవారికి అద్దె ఎంతైతే అంతా సాయంగా రాదు. 2008 నుంచి ‘లోకల్ హౌసింగ్ అలవెన్స్’ అనే పద్ధతి ఉంది. దేశాన్ని అద్దెల ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతంలో ఎన్ని పడక గదులకు ఎంతవరకు ఇవ్వవచ్చో గరిష్ఠ హద్దు పెడతారు. మొదట్లో ఆ ప్రాంతపు అద్దెలను వరుసగా పేర్చి సరిగ్గా మధ్యన ఉన్నదాన్ని హద్దుగా తీసుకునేవారు. 2011 నుంచి దాన్ని కిందికి దించారు. నూరు ఇళ్ళు వరుసలో పెడితే చౌక వైపు నుంచి ముప్పయ్యో ఇంటి అద్దెను హద్దుగా తీసుకున్నారు. పైగా 2016 నుంచి నాలుగేళ్ళపాటు ఆ అంకెలను కదపలేదు. బయట అద్దెలు పెరుగుతూ పోయాయి, సాయం మాత్రం అక్కడే ఆగింది. పిన్‌కోడ్ లాంటి పోస్ట్‌కోడ్ నొక్కితే ఏ ఇంటికి ఎంత వస్తుందో ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు.

మా ఇంటి అద్దె నెలకు 525 పౌండ్లు. రెండు పడక గదుల హద్దు అప్పట్లో అక్కడ 415 దగ్గర ఉంది. అంటే నెలకు 110 పౌండ్లు ఆవిడ తన జీతంలోంచి వేసుకోవాలి. ‘మీకు కష్టం కాదా?’ అని అడిగాను. ‘ఇప్పుడున్న ఇంటికి 130 వేస్తున్నాను, బస్సు ఖర్చు అదనం’ అంది. సాయం మీద బతికేవాళ్ళు అద్దె కట్టరు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. తన చేతి డబ్బు నెలనెలా అంత కలిపితేనే అద్దె పూర్తవుతుందని ఆ మాట అనేవాళ్ళలో చాలామందికి తెలియదు.

ఇల్లు ఇస్తానని చెప్పాను. ఏజెంటు హామీదారు కావాలన్నాడు, సొంత ఇల్లు ఉన్నవాళ్ళే హామీ ఉండాలన్నాడు. ఆవిడకు అలాంటివాళ్ళు ఎవరూ లేరు. మేము ఆ షరతు వదిలేశాం. 2019 జూన్ నుంచి ఇంగ్లండులో ఐదు వారాల అద్దె కంటే ఎక్కువ డిపాజిట్ అడగకూడదు. మా ఇంటికి అది 605 పౌండ్లు. అంత మొత్తం ఆవిడ దగ్గర లేదు. చాలా కౌన్సిళ్ళలో, అంటే స్థానిక ప్రభుత్వ సంస్థల్లో, డబ్బుకు బదులు రాతపూర్వక హామీ ఇచ్చే పథకం ఉంటుంది. ఇంటికి నష్టం జరిగితే మేము చెల్లిస్తామని కౌన్సిల్ పత్రం రాసిస్తుంది. అది తెచ్చుకుంది. మాకు అది చాలింది. గ్యాస్ భద్రతా పత్రం, కరెంటు తీగల తనిఖీ, ఇంటి ఇంధన శ్రేణి పత్రం, పొగ పసిగట్టే అలారాలు, ఇవన్నీ ఎవరికిచ్చినా ఉండవలసినవే.

ఫిబ్రవరి 10న ఇంట్లో దిగారు. పాత కౌన్సిల్ పరిధి దాటి రావడంతో పాత హౌసింగ్ బెనిఫిట్ ఆగిపోయి, ఆవిడ యూనివర్సల్ క్రెడిట్‌లోకి మారవలసి వచ్చింది. 2013లో మొదలైన ఈ పథకం ఇంటి సాయం, పిల్లల సాయం, ఆదాయపు సాయం అన్నిటినీ ఒకే మొత్తంగా కలిపి నెలకొకసారి ఇస్తుంది. ఆ నెల గడిచాక ఇస్తుంది. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఒక నెల లెక్కకడతారు, ఆపై ఏడు రోజులకు డబ్బు పడుతుంది. మొత్తం ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ బతకడానికి ముందస్తు డబ్బు ఇస్తారు కానీ అది అప్పు, తరువాతి నెలల్లో కోసుకుంటారు.

మా ఒప్పందంలో మాత్రం అద్దె నెల మొదట్లోనే కట్టాలని ఉంది. ఎన్నో ఇళ్ళలో గొడవ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. యజమాని మొదటి తారీఖున ఎదురుచూస్తాడు, డబ్బు పదహారున వస్తుంది. అద్దెకున్న మనిషి ఇంకా పెట్టె విప్పకముందే బకాయిదారు అవుతుంది. నేను మా వారితో కూర్చుని ఆలోచించాను. మా అప్పు వాయిదా ఏ తారీఖున పోతుందో, ఆ ఐదు వారాలు మేము తట్టుకోగలమో లేదో చూసుకున్నాం. తట్టుకోగలం. అప్పుడు ఒప్పందాన్నే మార్చాం. అద్దె నెల పదో తారీఖు నుంచి తొమ్మిదో తారీఖు వరకు, నెల గడిచాక పంతొమ్మిదిన చెల్లించాలి అని రాసుకున్నాం. ఆవిడకు డబ్బు పడేది పదహారున, మూడు రోజులు తేడా ఉంచాం. ఈ మొత్తం వ్యవహారంలో మేము చేసిన అన్నిటికంటే మంచి పని ఇదేనని నా నమ్మకం. అద్దెలో ఒక్క పౌండు కూడా తగ్గించలేదు, తారీఖు ఒక్కటే మార్చాం.

మొదటి డబ్బు మార్చి 16న పడింది. ఆ మరుసటి వారమే దేశమంతా లాక్‌డౌన్.

ఏప్రిల్‌లో ప్రభుత్వం అద్దె సాయపు హద్దులను మళ్ళీ ముప్పయ్యో ఇంటి స్థాయికి పెంచింది. మా ప్రాంతంలో అది 450 అయింది. తేడా 75కు తగ్గింది. ఆవిడ పని ఆగలేదు. వృద్ధాశ్రమంలో తోటివాళ్ళు జబ్బుపడితే వాళ్ళ గంటలు కూడా చేసింది. నేనూ ఆ రోజుల్లో మందుల దుకాణంలో రోజంతా నిలబడినదాన్నే కాబట్టి ఆ అలసట నాకు తెలుసు. అద్దె నెలనెలా పంతొమ్మిదిన వచ్చింది. జులైలో యార్క్ కౌంటీ కోర్టు ‘నో డీఎస్ఎస్’ అన్న పేరుతో అందరినీ ఒక్క ఊపున తిరస్కరించడం 2010 నాటి సమానత్వ చట్టానికి విరుద్ధమని తేల్చింది. సాయం పొందేవారిలో స్త్రీలు, వికలాంగులు ఎక్కువ కాబట్టి ఆ తిరస్కారం పరోక్ష వివక్ష అవుతుందన్నది తీర్పు సారం. ఆ వార్త చదివి ఆవిడకు పంపాను. ‘పదకొండు ఫోన్లు’ అని మాత్రం జవాబు రాసింది.

ఆ శీతాకాలం కష్టం వచ్చింది. అది ఎలా వచ్చిందో అర్థం చేసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

యూనివర్సల్ క్రెడిట్ జీతాన్ని బట్టి మారుతుంది. కొంత మినహాయింపు పోగా, ఆపైన సంపాదించిన ప్రతి పౌండుకు అప్పట్లో 63 పెన్నీలు సాయంలోంచి తగ్గేది. 2021 చివర్లో దాన్ని 55 చేశారు. అయితే ఆ కోత సంపాదించిన నెలలో కాదు, తరువాతి చెల్లింపులో కనబడుతుంది. ఆవిడ అక్టోబరులో అదనపు గంటలు చేసింది. ఆ డబ్బు పిల్లల చలి కోట్లకు, బడి మూసినప్పుడు కొడుక్కు కావలసిన పాత ల్యాప్‌టాప్‌కు పోయింది. నవంబరు పదహారున సాయం బాగా తగ్గి వచ్చింది. అదే నెల ఆవిడకు కోవిడ్ సోకింది. పని లేదు. చట్టం ప్రకారం ఇచ్చే జబ్బు జీతం వారానికి 95.85 పౌండ్లు. అంటే ఎక్కువ సంపాదించిన నెల తాలూకు తగ్గిన సాయం, అసలు సంపాదనే లేని నెల తాలూకు జీతం, రెండూ ఒకేసారి చేతికొచ్చాయి. అద్దె నవంబరులో సగం వచ్చింది, డిసెంబరులో అంతకంటే తక్కువ. జనవరిలో అసలు రాలేదు. బకాయి 1,090 పౌండ్లకు చేరింది. రెండు నెలల అద్దె దాటింది.

ఏజెంటు ఖాళీ చేయమని నోటీసు పంపుదామన్నాడు. కోవిడ్ వల్ల ఆ నోటీసుల గడువును అప్పట్లో ఆరు నెలలకు పెంచారు. గడువు మాట అటుంచితే, నాకు ఆవిడ మీద కోపం రాలేదు. భయం మాత్రం వేసింది. మా అప్పు వాయిదా ఆగదు కదా. లీడ్స్‌లో ఉండే మా బంధువు ఒకరు, ‘చెప్పానా వదినా, చివరికి ఇదే జరుగుతుంది’ అన్నారు. ఆయన అనుభవం వేరు. పాత పద్ధతిలో హౌసింగ్ బెనిఫిట్ నేరుగా యజమాని ఖాతాలో పడేలా పెట్టుకున్నారు. అద్దెకున్నవారి ఆదాయం మారిన సంగతి ఆలస్యంగా తెలిసి, ఎక్కువ పడిన డబ్బును కౌన్సిల్ ఆయన దగ్గరే తిరిగి వసూలు చేసింది. ఆ దెబ్బ నిజమే. కానీ ఆయన దాన్ని అద్దెకున్నవారి దుర్బుద్ధి కింద లెక్కగట్టారు, నాకు అది ఆ పద్ధతిలోని లోపంగా తోచింది. ఆ రాత్రి ఇద్దరం ఫోనులో చాలాసేపు వాదించుకున్నాం.

మరునాడు ఆవిడే ఫోను చేసింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ‘ఇంటి డబ్బు నా చేతికి రానివ్వకండి. మీకే నేరుగా పడేలా చేయండి. నా ఖాతాలో పడితే కరెంటు బిల్లో, తిండో ముందు లాగేసుకుంటుంది’ అంది.

ఆ ఏర్పాటు ఉంది. రెండు నెలల అద్దెకు సమానమైన బకాయి ఉంటే, ఇంటి సాయం భాగాన్ని నేరుగా తనకు పంపమని యజమాని అడగవచ్చు. బకాయి లేకపోయినా, అప్పుల్లో కూరుకుపోవడం, ఇల్లు లేకుండా గడిపి రావడం, మానసిక అనారోగ్యం లాంటి కారణాలుంటే కూడా అడగవచ్చు. నేను దరఖాస్తు నింపాను, తప్పుగా నింపాను. మొత్తం బకాయి ఎంతో రాశాను కానీ ఏ తారీఖున ఎంత రావాలి, ఎంత వచ్చింది అనే పట్టిక జతచేయలేదు. ఒప్పందం మారిన తారీఖు రాయలేదు. తిరిగి పంపవలసి వచ్చింది. వివరం కనుక్కుందామని ఫోను చేస్తే, ఆమె అనుమతి లేకుండా ఆమె ఖాతా గురించి మాట్లాడం అన్నారు. అది సబబే. ఎవరి ఆదాయ వివరాలు వారివి. యూనివర్సల్ క్రెడిట్‌లో ప్రతివారికీ ఆన్‌లైన్‌లో ఒక దినచర్య పుస్తకం లాంటిది ఉంటుంది. ఏ విషయం, ఎవరితో, ఎందుకోసం మాట్లాడవచ్చో ఆవిడ అందులో స్పష్టంగా రాసింది. ఆ తరువాత ఫోను చేస్తే మాట్లాడారు.

ఈసారి పట్టిక చేశాను. తారీఖు, రావలసింది, వచ్చింది, తేడా, మొత్తం బకాయి. ఐదు గడులు. మందుల దుకాణంలో నిల్వల పుస్తకం రాసినంత జాగ్రత్తగా రాశాను. ఒప్పందం నకలు, బ్యాంకు పత్రాల నకళ్ళు జతచేశాను. ఆరు వారాలకు అనుమతి వచ్చింది. మార్చి 2021 నుంచి 450 పౌండ్లు నేరుగా మా ఖాతాలో పడ్డాయి. బకాయి తీరేదాకా ఆవిడ మూల భత్యంలోంచి నెలకు 40 పౌండ్ల చిల్లర కూడా కోసి మాకు పంపారు.

ఆ 40 చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉండేది. మా డబ్బు మాకు రావడం న్యాయమే. కానీ అప్పటికే ముందస్తు డబ్బు తాలూకు కోత ఉంది, దాని మీద ఇది. అందుకని 75 పౌండ్ల తేడా సంగతి చూశాం. కౌన్సిళ్ళ దగ్గర విచక్షణతో ఇచ్చే ప్రత్యేక అద్దె సహాయ నిధి ఉంటుంది. అది ఎవరి హక్కూ కాదు, అడిగితే పరిశీలిస్తారు. కోతలు ఎంత పడుతున్నాయో, జబ్బు సెలవు ఎన్నాళ్ళో కాగితం మీద పెట్టి ఆవిడ దరఖాస్తు చేసింది. యజమానిగా నేను ఒక ఉత్తరం రాసిచ్చాను. ఆరు నెలలపాటు ఆ 75 కౌన్సిల్ ఇచ్చింది. ఆ ఆరు నెలల్లో ఆవిడ మళ్ళీ పూర్తిగా పనిలో పడింది. 2022 వేసవికి ముందే కోతతోనూ, తన చేతి డబ్బుతోనూ బకాయి సున్నా అయింది.

నేరుగా చెల్లింపు అనగానే యజమానికి ఇక దిగులుండదని చాలామంది అనుకుంటారు. అలా కాదు. యూనివర్సల్ క్రెడిట్ మొత్తం ఒకటే. జీతం బాగా వచ్చిన నెలలో ఆ మొత్తమే ఇంటి సాయం కంటే తక్కువైతే, ఉన్నంతే పంపుతారు. మాకు ఒక నెల 300 చిల్లరే వచ్చింది. మిగతాది ఆవిడ జీతంలోంచి పంపింది. ఏ నెల తక్కువ పడుతుందో ముందే నాకు సందేశం పెట్టేది. ఆ సందేశాలు రావడానికి కారణం, మొదటి శీతాకాలంలో మేము నోటీసు పంపకపోవడమే కావచ్చు.

2023 మా వంతు. ఇక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ 2021 చివరిదాకా 0.1 శాతం ఉండగా, 2023 ఆగస్టుకు 5.25కు చేరింది. ఆ వేసవిలోనే మా పాత వడ్డీ గడువు తీరింది. 90 వేల పౌండ్ల అప్పుకు నెలకు 157 కడుతున్నవాళ్ళం 420 కట్టవలసి వచ్చింది. ఏజెంటు రుసుము, బీమా, మరమ్మతులు పోగా ఏమీ మిగలడం లేదు. ఆ వీధిలో అలాంటి ఇళ్ళకు 650 వస్తోందని ఏజెంటు చెప్పాడు. అద్దె సాయపు హద్దులేమో 2020 తరువాత మళ్ళీ కదలలేదు. మేము పెంచే ప్రతి పౌండూ ఆవిడ వంటింట్లోంచి రావాలి.

అప్పుడొక నియమం అక్కరకొచ్చింది. సాయం ఎన్ని పడక గదులకు వస్తుందన్నది ఇంటిని బట్టి కాదు, కుటుంబాన్ని బట్టి. పదేళ్ళలోపు పిల్లలు ఆడామగా అయినా ఒకే గదిలో పడుకోవచ్చని లెక్క. ఇద్దరూ అబ్బాయిలో ఇద్దరూ అమ్మాయిలో అయితే పదహారేళ్ళ దాకా. కొడుక్కు పదేళ్ళు నిండాక ఆ కుటుంబానికి మూడు గదుల హద్దు వర్తించింది. అది మా ప్రాంతంలో 550. అద్దె అంతకంటే తక్కువైతే అద్దె ఎంతో అంతే ఇస్తారు. అంటే 525 పూర్తిగా సాయంగా వచ్చింది. ఆ మార్పు దానంతట అది జరుగుతుందని వదిలేయకుండా, పుట్టినరోజు వారంలోనే ఆవిడ చేత దినచర్యలో రాయించాను. అక్టోబరులో అద్దె 550 చేశాం. ఆవిడ జేబులోంచి ఒక్క పౌండు కూడా పోలేదు. 2024 ఏప్రిల్‌లో హద్దులు మళ్ళీ పెరిగినప్పుడు 595 చేశాం. అదీ హద్దు లోపలే.

లెక్క సరిపోయింది కానీ ఇంటికి మూడో గది రాలేదు. ఆ ఏడాది గ్యాస్ తనిఖీ రోజున నేను వెళ్ళినప్పుడు చూశాను. పిల్లలిద్దరికీ చెరొక గది ఇచ్చి, ఆవిడ ముందు గదిలో సోఫా మీద పడుకుంటోంది. దుప్పటి మడిచి తలుపు వెనక పెట్టింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రోజుల్లో వీధి చప్పుడుకు నిద్ర పట్టదని చెప్పింది. ఆ ముందు గదికి మందపాటి పరదాలు, కిటికీకి రెండో అద్దం వేయించడం తప్ప మేము చేయగలిగింది కనబడలేదు. కౌన్సిల్ తానే అద్దెకిచ్చే ఇళ్ళ నిరీక్షణ జాబితాలో ఆవిడ పేరు అప్పటికే ఉంది.

2025 ఫిబ్రవరి చివర్లో ఫోను వచ్చింది. మూడు పడక గదుల కౌన్సిల్ ఇల్లు వచ్చింది, మార్చి 6న తాళాలు ఇస్తారు, వెంటనే చేరాలి. ఆ గొంతులోని సంతోషానికి నోటీసు గడువు అంటూ అడ్డుపడలేకపోయాను. తాళాలు ఇవ్వడానికి ముందు ఇల్లంతా కడిగింది. కొడుకు ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు తలుపు చట్రం మీద ఉండిపోయాయి, చెరిపేస్తానంటే నేనే వద్దన్నాను. కౌన్సిల్ హామీ పత్రంతో పని పడలేదు.

తరువాతి పదహారో తారీఖున మాకు డబ్బు పడలేదు.

నేను అన్నాళ్ళు చదివినా నాకు తెలియని నియమం అది. యూనివర్సల్ క్రెడిట్‌లో లెక్క నెల చివరి రోజున ఎక్కడ ఉంటే, ఆ నెల మొత్తం అక్కడి అద్దెకే సాయం. ఆవిడ లెక్క నెల ఫిబ్రవరి 10 నుంచి మార్చి 9 వరకు. ఆరున ఇల్లు మారింది. తొమ్మిదో తారీఖున కొత్త ఇంట్లో ఉంది కాబట్టి నెల మొత్తానికీ కొత్త ఇంటి అద్దెకే లెక్కకట్టారు. మా ఇంట్లో ఉన్న ఇరవై ఐదు రోజులకు ఏమీ లేదు. నాలుగు రోజులు ఆగి మారి ఉంటే మాకు పూర్తిగా వచ్చేది. ఇల్లు వదిలే తారీఖు అనుకునేటప్పుడు ఆ లెక్క నెల చివరి రోజు చూసుకోమని ఇప్పుడు అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను.

ఇరవై ఐదు రోజులకు 489 పౌండ్లు. ఫోను చేసి సంగతి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తనకూ తెలియదు. కొత్త ఇంటికి కింద పరచుకోవడానికి తివాచీలు కూడా లేవు, కౌన్సిల్ ఇళ్ళు చాలావరకు అలాగే ఇస్తారు. నేను వదిలేద్దామా అని మా వారిని అడుగుతుండగానే సందేశం వచ్చింది. ‘నెలకు 80 చొప్పున పంపుతాను. ఏప్రిల్ నుంచి.’

ఏప్రిల్, మే, జూన్, జులై, ఆగస్టు, సెప్టెంబరు. ప్రతి నెలా పంతొమ్మిదిన, పాత తారీఖుకే 80 పౌండ్లు పడ్డాయి. ఆరు నెలలకు 480. మిగిలిన తొమ్మిదీ పంపనక్కర్లేదు, పిల్లలకు ఏదైనా కొనమని రాశాను.

అక్టోబరు 19న బ్యాంకు ఖాతా తెరిస్తే తొమ్మిది పౌండ్లు జమ అయి ఉన్నాయి. వివరం దగ్గర మా పాత ఇంటి నంబరు ఒక్కటే రాసి ఉంది.